గువ్వగుత్తి, నాగదంతి: చెలక గట్ల మీది గరుకు చుట్టాలు



దేవరకొండ దాటి డిండి వైపు పోయే తోవలో గానీ, జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే తోవలో గానీ, వానాకాలం సగం గడిచాక ఏదైనా పడావు పడ్డ చెలక దగ్గర ఆగి చూడండి. పత్తి, కంది వేసిన భూమిలో గడ్డిమందు పుణ్యమా అని ఇంకో మొక్క కనబడదు. పడావు భూమిలో మాత్రం మోకాలెత్తున, ఒళ్ళంతా తెల్లటి నూగుతో ఒక మొక్క గుంపులు గుంపులుగా నిలబడి ఉంటుంది. పూలు లేత నీలం. అన్నీ తల దించుకొని నేలచూపులు చూస్తుంటాయి. మేకల మంద వచ్చి పక్కనున్న గడ్డీ గాదం మేస్తుంది గానీ దీని మీద అంత తొందరగా మూతి పెట్టదు. దాని పేరు గువ్వగుత్తి.

మన పాత వైద్య గ్రంథాలు దీన్ని అధఃపుష్పి అన్నాయి. శాస్త్రజ్ఞులు ట్రైకోడెస్మా ఇండికమ్ అంటారు. యూరప్ తోటల్లో పెంచే బోరేజ్, బ్యూగ్లాస్ అనే నీలిపూల మొక్కలకు ఇది దగ్గరి చుట్టం. ఆ కుటుంబం పేరు బొరాజినేసి. ఈ పూట ఆ కుటుంబంలో మన పాలమూరు, నల్లగొండ నేలల మీద బతుకుతున్న వాటి గురించి మాట్లాడుకుందాం. ఒక మాట ముందే చెబుతున్నాను. ఇవి ఏయే రోగాలకు పనికొస్తాయో చెప్పే ప్రసంగాలు, వీడియోలు మీకు కావలసినన్ని దొరుకుతాయి. వీటిని తాగకుండా, పీకకుండా, నిలబడ్డ చోటనే ఉంచితే మనకు వచ్చే లాభమేమిటో చెప్పడం నా పని.

ముందు ఆకును చేతితో తడమండి. గరగరమంటుంది. ఎండకు అడ్డం పెట్టి చూస్తే ఆకు నిండా తెల్లటి చుక్కలు, ఒక్కో చుక్క నడుమ నుంచి లేచిన బిరుసు వెంట్రుక కనిపిస్తాయి. ఆ వెంట్రుకల గోడల్లో, వాటి అడుగున ఉండే చుక్కల్లో సున్నము, ఇసుకలో ఉండే సిలికా పేరుకొని ఉంటాయి. అందుకే ఆ గరుకు. కుటుంబంలో చాలా మొక్కలకు ఇదే ఇంటి గుర్తు. గ్రీకులు తమ దగ్గరి మొక్కను ఎద్దు నాలుక అన్నారు, అదే తిరిగి తిరిగి బ్యూగ్లాస్ అయింది. యునానీ హకీములు గావ్‌జబాన్ అన్నారు, అర్థం దాదాపు అదే. హైదరాబాదు పాతబస్తీలో పన్సారీ దుకాణానికి పోయి గావ్‌జబాన్ అడిగితే హిమాలయాల వైపు నుంచి వచ్చిన ఎండుటాకు పొట్లం కట్టి ఇస్తారు. ఆ ఆకు మీద కూడా ఇవే తెల్ల చుక్కలు.

ఇక పువ్వు. ఐదు రేకులు కింద కలిసిపోయి, కొసలు సన్నగా మెలి తిరిగి ఉంటాయి. విచ్చుకున్నప్పుడు లేత నీలం, వాడే వేళకు తెలుపు, గులాబి కలిసిన రంగు. గొంతు దగ్గర గోధుమ, పసుపు మచ్చలు. పువ్వు వెనక ఉండే ఆకుపచ్చ తొడిమ రేకులకు అడుగున రెండు వైపులా చెవుల్లాంటి కొనలు ఉంటాయి. దీని కన్నా పొడుగ్గా పెరిగే ఇంకో గువ్వగుత్తి జాతి ఉంది, ట్రైకోడెస్మా జైలానికమ్. దానికి ఆ చెవులు ఉండవు. రెండింటినీ వేరు చేయడానికి ఇంతకంటే సులువైన గుర్తు నాకు తెలియదు.

తల దించిన ఆ పువ్వును వేలితో మెల్లగా పైకెత్తి చూడండి. నడుమ మొనదేలిన ఒక శంకువు కనిపిస్తుంది. ఐదు కేసరాలు ఒకదాన్ని ఒకటి ఆనుకొని, వెన్ను మీది నూగుతో అతుక్కొని, వాటి కొసలు తాడు పేనినట్టు మెలి తిరిగితే ఆ శంకువు తయారైంది. స్కాట్లాండ్‌కు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ 1810లో ఈ జాతికి ట్రైకోడెస్మా అని పేరు పెట్టింది ఆ నూగు కట్టును చూసే. పుప్పొడి అంతా శంకువు లోపల భద్రంగా ఉంటుంది. పువ్వు తలకిందులు గనుక వాన కురిసినా తడవదు. వాలిన ప్రతి పురుగూ తీసుకుపోవడానికి వీలూ లేదు.

మరి ఎవరికి వీలు? ఇటువంటి పూల దగ్గరికి పొట్ట మీద నీలి చారలున్న తేనెటీగ ఒకటి వస్తుంది. ఇది పట్టు పెట్టే తేనెటీగ కాదు, ఒంటరిది. మట్టి గోడల్లో, గట్ల వాలుల్లో సొరంగం తవ్వుకొని పిల్లల్ని పెడుతుంది. పువ్వు కింద వేలాడి, శంకువును కాళ్ళతో పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను గబగబ వణికిస్తుంది. చెవి దగ్గరగా పెడితే జుయ్‌మని ఆగి ఆగి వినబడుతుంది. ఆ వణుకుకు పుప్పొడి జలజల రాలి దాని పొట్ట మీద పడుతుంది. మన వంగ పూలకు, టమాట పూలకు కావలసిందీ ఈ వణుకే. వంగ పువ్వు కేసరానికి కొసన ఉండే చిన్న రంధ్రంలో నుంచి పుప్పొడి బయటికి రావాలంటే ఎవరో ఒకరు దులపాలి. పట్టు తేనెటీగకు ఆ విద్య రాదు. అంటే, వంకాయ కాసే చేనుకు కావలసిన కూలీ, వంగ పూయని నెలల్లో ఎక్కడ తింటుంది? గువ్వగుత్తి లాంటి కలుపు దగ్గర తింటుంది. గట్టు మీద ఒక్క పూల మొక్క లేకుండా మందు కొట్టి, తరువాత పిందె నిలబడడం లేదని హార్మోన్ల సీసా కొనే రైతులున్నారు. ఆ సీసా అమ్మేవాడు గువ్వగుత్తి సంగతి చెప్పడు.

పువ్వు గొంతులోని పసుపు మచ్చల గురించి ఒక్క ముక్క. జర్మనీలో క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్ అనే బడి పంతులు ఈ కుటుంబానికే చెందిన ఫర్గెట్-మీ-నాట్ అనే చిన్న నీలి పువ్వు గొంతులో పసుపు వలయం చూసి, ఇది ఎందుకున్నదని ఆలోచించాడు. తేనె ఎక్కడుందో పురుగుకు చూపే గుర్తు అది అని తేల్చాడు. 1793లో ఆ సంగతులన్నీ పెట్టి పుస్తకం వేశాడు. ఆయన బతికుండగా పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. పూలకూ పురుగులకూ మధ్య నడిచే బేరం గురించి ఇవాళ మనం చదువుకునే శాస్త్రానికి పునాది పడింది ఆ పుస్తకంతోనే.

గువ్వగుత్తి మెట్ట మనిషి. దాని చుట్టం నాగదంతికి తడి కావాలి. చెరువు శిఖం, కుంట ఒడ్డు, కాలువ పక్క, ఊళ్ళో మురుగు నీళ్ళు పారే చోటు, ఇవీ దాని తావులు. పానగల్లు ఉదయసముద్రం లాంటి పాత చెరువుల కింద గానీ, కోయిల్‌సాగర్ కాలువల వెంట గానీ వెతకండి. అడుగో అడుగున్నరో ఎత్తు, వెడల్పైన ముడతల ఆకులు. పూల గెల కొస చుట్ట చుట్టుకొని తేలు తోకలా ఉంటుంది. అందుకే దీన్ని తేలుమణి అని కూడా అంటారు. ఆ చుట్ట కొంచెంసేపు చూడదగ్గది. పూలన్నీ గెల పై భాగాన రెండు వరుసల్లో కూర్చుంటాయి. చుట్ట రోజూ కాస్త కాస్త విప్పుకుంటూ పోతుంది. విప్పుకున్నంత మేర ఒకటి రెండు తెల్లటి, ఊదా కలిసిన చిన్న పూలు విచ్చుకుంటాయి. నిన్నటివి కింద కాయలవుతుంటాయి. ఒకే కాడ మీద మొదట్లో ముదిరిన గింజ, నడుమ పువ్వు, కొసన ఇంకా పుట్టని మొగ్గ. పువ్వు పువ్వుకూ పురుగు రావడానికి ఎప్పుడూ ఒకే చోటు, చుట్ట మలుపు దగ్గర. హీలియోట్రోపియమ్ ఇండికమ్ అని 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి పేరు పెట్టాడు. సూర్యుడి వెంట తిరిగేది అని ఆ మాటకు అర్థం గానీ ఇది అట్లా తిరగదు.

నాగదంతి దగ్గర అసలు చూడవలసింది పూలున్నప్పుడు కాదు, కొమ్మ విరిగి ఎండినప్పుడు. ఎవరో తొక్కి పోయిన కొమ్మ, గొడ్డలి తగిలి వాడిన కొమ్మ దగ్గర సీతాకోకచిలుకలు మూగుతాయి. నల్ల రెక్కల మీద లేత నీలి చారలవి, నారింజ రంగువి, ముదురు గోధుమ రంగు మీద తెల్ల చుక్కలవి. చాలావరకు మగవే. పువ్వు లేదు, తేనె లేదు, ఎండిన కాడను కాళ్ళతో గీకుతూ తొండంతో తడుపుతూ పీలుస్తుంటాయి. ఎందుకు? ఆ కొమ్మలో ఒక విషం ఉంది. పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అని దాని పేరు, ఇక మీదట విషం అనే అంటాను. మగ సీతాకోకచిలుక ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. దాంతోనే ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారు చేసుకుంటుంది. ఒంట్లో చేదు ఉంటుంది గనుక పిట్టలు దాన్ని తిని ఉమ్మేస్తాయి, రెండోసారి ముట్టవు.

తెల్లటి రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కలున్న చిన్న రెక్కల పురుగు ఒకటి పగలే మన గడ్డిలో ఎగురుతుంటుంది, మీరు చూసే ఉంటారు. యుటెథైసా అని దాని జాతి. దాని గొంగళి పురుగులు నాగదంతినీ దాని చుట్టాలనూ, పొలాల్లో పెరిగే గిలిగిచ్చ చెట్లనూ తిని బతుకుతాయి. అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్, జెరాల్డ్ మైన్‌వాల్డ్ అనే ఇద్దరు ఈ పురుగుకు అక్కడి చుట్టమైన ఒక జాతి మీద ఏళ్ళ తరబడి పని చేశారు. మగ పురుగు జతకట్టేటప్పుడు తన ఒంట్లోని విషంలో కొంత ఆడదానికి ఇస్తుందనీ, ఆడది దాన్ని గుడ్లలోకి చేరుస్తుందనీ, అట్లా విషం చేరిన గుడ్లను చీమలూ పురుగులూ తినవనీ తేల్చారు. పిల్లలకు పెళ్ళి కట్నంగా విషం ఇచ్చే వంశం అన్నమాట.

పురుగుకు కవచమైన ఆ విషం మనకు ఏం చేస్తుంది? ఈ ప్రశ్న దగ్గర కాస్త నిదానంగా మాట్లాడాలి.

ఈ విషం కడుపులో పడి కాలేయానికి చేరినప్పుడు, కాలేయమే దాన్ని ఇంకా ఘాటైన పదార్థంగా మారుస్తుంది. అది కాలేయం లోపలి సన్నటి రక్తనాళాల గోడలను పాడు చేస్తుంది. నాళాలు మూసుకుపోతాయి. రక్తం వెనక్కు తన్ని పొట్టలో నీళ్ళు చేరతాయి. ఒక్కసారి ఎక్కువ తిన్నా ప్రమాదమే, కొంచెం కొంచెం చాలా రోజులు తిన్నా ప్రమాదమే. ఎండబెట్టినా, పొడి కొట్టినా, కషాయం కాచినా ఇది పోదు. కడుపులో పడ్డ గంటకు వాంతో విరేచనమో అయితే మనిషి జాగ్రత్త పడతాడు. ఇది అట్లా చెప్పి రాదు. వారాలు, నెలలు గడిచాక పొట్ట ఉబ్బుతుంది. అప్పటికి ఎప్పుడు ఏం తాగామో గుర్తుండదు.

మన గువ్వగుత్తికి తోబుట్టువు వంటి మొక్క ఒకటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది, ట్రైకోడెస్మా ఇన్కానమ్. 1940లలో అక్కడి గోధుమల్లో దాని గింజలు కలిసి, ఆ పిండి తిన్న వాళ్ళలో పదుల మంది చనిపోయారు. 1970లలో అఫ్గానిస్తాన్‌లో హెరాత్ వైపు గుల్రాన్ లోయలో రెండేళ్ళు గట్టి కరువు పడింది. ఆ తరువాత పండిన గోధుమ చేలలో నాగదంతి జాతి మొక్క విపరీతంగా మొలిచింది. గింజ గింజలో కలిసింది. డాక్టర్లు వెళ్ళి 7,200 మందిని పరీక్షిస్తే ఐదో వంతుకు పైగా జనంలో కాలేయం దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి.

ఇది దూరదేశాల కథ అనుకోకండి. దాదాపు అవే రోజుల్లో, అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో గిరిజనుల ఊళ్ళలో పొట్ట నీళ్ళు పట్టే జబ్బు వచ్చింది. మనుషులు చనిపోయారు. కారణం వెతకడానికి వెళ్ళిన వాళ్ళలో మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఉన్నారు. వాళ్ళు ఇంటింటికీ తిరిగి తిండిగింజలు చూశారు. అక్కడి వాళ్ళు గోంధ్లి అనే చిరుధాన్యం తింటారు, మన సామల వంటిదే. అందులో గిలిగిచ్చ జాతి గింజలు కలిసి ఉన్నాయి. గిలిగిచ్చ చిక్కుడు కుటుంబం, గువ్వగుత్తికి చుట్టం కాదు. విషం మాత్రం అదే కోవది. 1977లో ఆ పరిశోధన అచ్చయింది.

నేను ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, మన పాలమూరు, నల్లగొండ వైపు సామలు, కొర్రలు మళ్ళీ వేస్తున్నారు. మంచిదే. మా అమ్మమ్మల కాలంలో సామలు ఇంటికొస్తే చాటలో పోసి చెరిగి, గాలికి పట్టి, మన్ను, మట్టిగడ్డ, పరాయి గింజ ఏరిగానీ దంచేవాళ్ళు కాదు. ఆ చెరగడం వెనక ఎంత ఆరోగ్య శాస్త్రం ఉన్నదో వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇప్పుడు మర పట్టిస్తున్నాం. మర పట్టేముందు ఆ చాట ఒకసారి బయటికి తీయండి. పశువులకు చెరువు శిఖంలో గడ్డి కోసేటప్పుడు నాగదంతి కలవకుండా చూసుకోండి. పచ్చిగా ఉన్నప్పుడు గొడ్డు దాన్ని వదిలేస్తుంది. ఎండి చొప్పలో కలిసిపోతే పాపం దానికేం తెలుస్తుంది.

గొర్రెలు, మేకల సంగతి కొంచెం వేరు. వాటి కడుపులోని సూక్ష్మజీవులు ఈ విషాన్ని చాలావరకు విరిచేస్తాయి. గుర్రం, ఆవు అంత తట్టుకోలేవు. అట్లాగని గొర్రెకు ఏమీ కాదనీ కాదు. ఆస్ట్రేలియాలో నాగదంతి జాతి బీళ్ళలో వరసగా రెండేళ్ళు మేసిన మందలు కాలేయం చెడి చచ్చిపోయాయి.

ఇక కషాయాలు. గువ్వగుత్తి వేరు నూరి కీళ్ళ వాపుల మీద పట్టు వేయడం పాత పద్ధతి. నాగదంతి ఆకు పసరు తేలు కుట్టిన చోట, కురుపుల మీద రాసేవాళ్ళు. పైపూతకూ కడుపులోకి తీసుకోవడానికీ చాలా తేడా ఉంది. ఇప్పుడు ఫోను చేతిలో ఉంది గనుక, షుగరుకు నాగదంతి, బీపీకి నాగదంతి, పొద్దున్నే ఒక గ్లాసు అంటూ చెప్పేవాళ్ళు బయలుదేరారు. నాగదంతి నుంచి తీసిన ఇండిసిన్ ఎన్-ఆక్సైడ్ అనే పదార్థాన్ని 1970ల చివర, 80ల మొదట్లో అమెరికాలో రక్త క్యాన్సర్ రోగుల మీద పరీక్షించిన మాట నిజం. కొందరిలో గుణం కనిపించిన మాట కూడా నిజం. కాలేయం మీద దెబ్బ తీవ్రంగా పడుతుండడంతో అది మందుగా నిలబడలేదు. క్యాన్సర్ డాక్టర్లు తూకం వేసి, రోజూ రక్తపరీక్ష చేస్తూ కూడా వదిలేసిన దాన్ని మనం గుప్పెడు ఆకు లెక్కన ఉడకబెట్టి తాగడం ఏ వైద్యం? ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. గువ్వగుత్తి గానీ, నాగదంతి గానీ కడుపులోకి వద్దు. గర్భిణులకు, పిల్లలకు అసలే వద్దు.

విషం ఉంది కదా అని పీకి పారేద్దామా? దానికీ ఒక తగువు కథ ఉంది. ఎకియమ్ అనే బ్యూగ్లాస్ జాతి మొక్కను 19వ శతాబ్దంలో యూరప్ నుంచి ఆస్ట్రేలియాకు తోట మొక్కగా తీసుకుపోయారు. ఊదా రంగు పూలతో గుట్టలకు గుట్టలు కమ్మేసింది. అది మొదట పెరిగిందని చెప్పే తోట గల కుటుంబం పేరిట న్యూ సౌత్ వేల్స్ పశువుల రైతులు దాన్ని పాటర్సన్ శాపం అన్నారు. కరువులో పచ్చగా కనిపించే మేత అదొక్కటే అయిన దక్షిణ ఆస్ట్రేలియాలో దాన్నే సాల్వేషన్ జేన్ అన్నారు, గట్టెక్కించే జేనమ్మ అని. తేనెటీగలు పెంచేవాళ్ళకు అదే బంగారం. 1980లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఆ మొక్కను తినే పురుగులను తెచ్చి వదులుదామంటే, తేనె రైతులు, కొందరు పశువుల రైతులు కలిసి కోర్టుకెక్కి ఆపు చేయించారు. ఏళ్ళ పాటు వాదన నడిచింది. చివరికి 1984లో ఆ దేశం ఇటువంటి తగువుల కోసమే కొత్త చట్టం చేసుకోవలసి వచ్చింది. ఒకరి కలుపు ఇంకొకరి పంట అని కోర్టు దాకా పోయి తేల్చుకున్నారు. మన దగ్గర గువ్వగుత్తి అట్లా కమ్మేసే రకం కాదు. ఈ నేలది, ఈ నేల హద్దుల్లోనే ఉంటుంది. దాని తరఫున కోర్టుకెక్కేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

మిగతా చుట్టాలను త్వరగా పలకరిద్దాం. చలికాలం పోయి చెరువు నీళ్ళు వెనక్కు తగ్గాక, పగుళ్ళు బారిన బురద మీద చాపలా పరుచుకొని, వెండి నూగుతో మెరిసే చిన్న ముడతల ఆకుల మొక్క కనిపిస్తే అది హంసపాది. కుటుంబంలో చాలామందికి రేకులు ఐదైతే దీనికి నాలుగే. దీని శాస్త్రీయ నామం కోల్డెనియా. 18వ శతాబ్దంలో న్యూయార్క్‌లో పెద్ద అధికారిగా చేసిన కాడ్వాలడర్ కోల్డెన్ పేరును లిన్నేయస్ దీనికి తగిలించాడు. కోల్డెన్ కూతురు జేన్‌ను అమెరికాలో తొలి మహిళా వృక్షశాస్త్రజ్ఞురాలిగా చెప్పుకుంటారు. ఆమె పేరు ఈ మొక్కకు పెట్టి ఉంటే ఇంకా బాగుండేదని నాకనిపిస్తుంది.

నక్కెర చెట్టు అందరికీ తెలిసిందే. కొన్ని ఊళ్ళలో ఇరికి అంటారు, పిల్లలకు బంకకాయ. వేలికంటితే వదలని ఆ జిగురుతో పతంగులు, పుస్తకాల అట్టలు అంటించిన తరం ఇంకా ఉంది. పచ్చి కాయలను గుజరాతీలు, రాజస్థానీలు ఊరగాయ పెడతారు. మనం ఎందుకో పెట్టలేదు, మామిడి ఉండగా ఇంకోటి ఎందుకనుకున్నామేమో. పట్నం రోడ్ల నడుమ నారింజ రంగు పూలతో కనిపించే చిన్న చెట్టు కూడా నక్కెరకు చుట్టమే, వెస్టిండీస్ వైపు నుంచి వచ్చింది. గుట్టల మీద ముళ్ళపొదల నడుమ చిన్న చిన్న మెరిసే గరుకు ఆకులతో ఉండే బాపనబూరి కూడా ఈ గోత్రమే. మన దగ్గర మేకలు కొరికి వదిలేసే పొద. చైనా, జపాన్ పద్ధతి మరుగుజ్జు చెట్లు పెంచేవాళ్ళు దీన్నే ఫుకియన్ టీ పేరుతో కుండీల్లో అపురూపంగా పెంచుతారు. రాతి ఏటి పడకల్లో, పారే నీళ్ళలో బండల సందున వేళ్ళు బిగించుకొని బతికే పాషాణభేది కూడా ఇందులోదే. ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళలో దానికి బతుకు లేదు. ఈ మధ్య కొందరు శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని ముక్కలు చేసి నక్కెరను ఒక ఇంట్లో, నాగదంతిని ఇంకో ఇంట్లో, హంసపాదిని ఒంటరిగా ఒక ఇంట్లో పెట్టారు. ఇంకొందరు ఉమ్మడి కాపురమే నయమంటున్నారు. ఆ పంచాయతీ వాళ్ళకు వదిలేద్దాం.

చివరగా ఒక లోటు సంగతి. తెలుగు మొక్కల పేర్లు పుస్తకాలకు ఎక్కింది ఎక్కువగా కోస్తాలో. 1780లలో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడి జనం నోట విన్న పేర్లు రాసుకున్నాడు. గాంబుల్ అనే ఇంకో వృక్షశాస్త్రజ్ఞుడు 1915లో మొదలుపెట్టిన పెద్ద గ్రంథం మద్రాసు రాజధాని మొక్కలకు సంబంధించింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాయి, ఆ గ్రంథం హద్దుకు బయట. 2015లో ప్రొఫెసర్ టి. పుల్లయ్య తెలంగాణ వృక్షజాలం మీద సంపుటాలు తెచ్చాక మన మొక్కలకు ఒక చోటు దొరికింది. అయినా గువ్వగుత్తిని మర్రిగూడలో కలుపు తీసే ఆడవాళ్ళు ఏమంటారు, నారాయణపేట గొల్ల కురుమలు నాగదంతిని ఏమంటారు, అచ్చంపేట అడవి అంచున బాపనబూరికి ఇంకే పేరుంది, ఇవి చాలావరకు జనం నోళ్ళలోనే ఉన్నాయి. గడ్డిమందు వచ్చాక కలుపు తీసే పని తగ్గింది, మొక్కను పేరు పెట్టి పిలిచే అవసరమూ తగ్గింది.

అందుకని శ్రోతలకు రెండు విన్నపాలు. పొలంలో మీ ఇష్టం, గట్టు మీద మాత్రం మందు కొట్టకండి. గువ్వగుత్తి గింజ రాలేదాకా, అంటే సంక్రాంతి దాటేదాకా, దాన్ని ఉండనీయండి. రెండోది, మీ ఊళ్ళో ఈ మొక్కలకు ఏ పేరున్నా, ఊరి పేరు, మండలం పేరుతో సహా ఈ రేడియో కేంద్రానికి ఒక కార్డు ముక్క రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాస్తే ఇంకా మంచిది. ఆనవాలు కోసం మొక్కను పీకి కవర్లో పెట్టి పంపొద్దు, ఆకునూ పువ్వునూ దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి చాలు.